సమ్యక్ వ్యాయామం: ఆటలో ఇష్టం, గురి, ధమ్మం



ఆదివారం వందన ముగిసి, పంచశీల చెప్పుకుని లేచేటప్పుడు తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటుంది. "దుఃఖానికి మూలం తృష్ణ అని మీరే చెప్తా ఉంటారు. మా పిల్లోడేమో తెల్లవారుజామున 4 గంటలకే లేచి గ్రౌండుకు పోతాడు. స్టేట్ లెవెల్‌లో ఆడాలంటాడు. మెడల్ కావాలంటాడు. ఇది తృష్ణ కాదా? మానుకోమని చెప్పాలా, ఇంకా గట్టిగా పరుగెత్తమని చెప్పాలా?"

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెబితే రెండు రకాలుగా తప్పు జరుగుతుంది. "కోరికలు వదిలెయ్" అన్నామంటే, తరతరాలుగా మన పిల్లలతో "మీకెందుకురా ఇవన్నీ" అన్నవాళ్ల మాటనే ధమ్మం పేరుతో మళ్లీ మనం అన్నట్టవుతుంది. "ఎట్టైనా సరే గెలువు" అన్నామంటే పిల్లవాడి ఒంటినీ మనసునూ పందెంలో పెట్టినట్టవుతుంది. బుద్ధుడు చూపింది మధ్యమ మార్గం. మధ్యమ మార్గమంటే కాస్త కోరిక, కాస్త బద్ధకం కలుపుకోవడమని కొందరు అనుకుంటారు. ఏ కోరిక ఎలాంటిదో విడదీసి చూసి నడవడం అని దాని అర్థం. ఆ పనే ఇక్కడ చేద్దాం.

మన గ్రౌండుల్లో ఎవరు పరుగెత్తుతున్నారు?

కావలిలో పొద్దు పొడవకముందే కాలేజీ గ్రౌండుకు పోయి చూడండి. తుమ్మలపెంట సముద్రపు ఒడ్డున ఇసుకలో చూడండి. పరుగెత్తే పిలకాయల్లో మన వాడల వాళ్లు చాలామంది కనిపిస్తారు. ఒకడు కానిస్టేబుల్ పరీక్షలో 1600 మీటర్ల పరుగు కోసం, ఇంకొకడు ఆర్మీ ర్యాలీ కోసం సిద్ధమవుతుంటాడు. మరొకడికి కబడ్డీ అంటే ప్రాణం. ఏప్రిల్ 14కి మన సంఘాలు పెట్టే టోర్నమెంట్లలో ఆడి ఆడి, జిల్లా జట్టులోకి పోవాలని చూస్తుంటాడు.

వీళ్లను నడిపిస్తున్నవి మూడు. ఒకటి ఆట మీద ఇష్టం. రెండు బతుకుతెరువు. మూడోది బయటికి చెప్పుకోనిది: "మేమూ తక్కువోళ్లం కాదని చూపించాలి" అనే కసి. ఒకే పిల్లవాడిలో మూడూ కలిసి ఉండొచ్చు. ఈ మూడింటిలో ఏది ముందు నడుస్తోంది, ఏది వెనక నడుస్తోంది అన్నదాన్ని బట్టే వాడి ఆటా ఆరోగ్యమూ ఉంటాయి.

తృప్తి అంటే లొంగిపోవడం కాదు

ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథం 1957లో, ఆయన పరినిర్వాణం తర్వాత అచ్చయింది. అందులో తృష్ణను వదలడమే ధమ్మం అనే చోట ఆయన ఒక విషయం తేల్చి చెప్పారు. తృప్తి గొప్ప సంపద అని బుద్ధుడు అన్నాడంటే, పేదవాడు తన పేదరికంతో, అణగినవాడు తన అణచివేతతో తృప్తి పడాలని కాదు. పరిస్థితులకు చేతులు కట్టుకుని లొంగమని కాదు. హద్దు లేని ఆశ మనిషిని మింగేయకుండా చూసుకోవాలి, అంతవరకే.

ఈ వివరణ మనకు చాలా ముఖ్యం. ఎదగాలనుకోవడం తప్పు కాదు. మన పిల్లవాడు జాతీయ జట్టులో ఆడాలనుకోవడం తప్పు కాదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గాన్ని అనుసరిస్తామన్నది 11వది, పది పారమితలను పాటిస్తామన్నది 12వది. ఆ పారమితల్లో వీర్య పారమిత ఉంది. పట్టిన పనిని ఉన్న శక్తినంతా పెట్టి, వెనకడుగు వేయకుండా చేయడమని దానికి అర్థం. బద్ధకానికి ధమ్మంలో చోటు లేదు.

తృష్ణ వేరు, ఛందం వేరు

మనం తెలుగులో వ్యాయామం అంటే కసరత్తు అనుకుంటాం. బడిలో ఆటలు నేర్పే సారును వ్యాయామ ఉపాధ్యాయుడు అంటాం. ఆ మాటే అష్టాంగ మార్గంలో ఆరో అంగం: సమ్యక్ వ్యాయామం, పాళీలో సమ్మా వాయామ. సరైన ప్రయత్నం అని అర్థం. ఈ అంగాన్ని వివరిస్తూ బుద్ధుడు మొట్టమొదట చెప్పేది ఏమిటంటే, సాధకుడు ఛందాన్ని పుట్టించుకోవాలని. పద్యాల ఛందస్సుతో దీనికి పనిలేదు. పాళీలో ఛందం అంటే ఒక పని చేయాలనే ఇష్టం, పూనిక. మంచి పని మీద పెట్టిన ఛందం ప్రయత్నానికి బీజం. అది లేకుండా ప్రయత్నం లేదు, ప్రయత్నం లేకుండా మార్గం లేదు. అంటే ధమ్మమే మనల్ని ఇష్టపడమంటోంది.

మరి తృష్ణ ఏది? ఛందం పని వైపు చూస్తుంది. తృష్ణ పని వల్ల 'నాకు' వచ్చేదాని వైపు చూస్తుంది. 'నేను' ఇంత గొప్పవాణ్ణి కావాలి, 'నన్ను' అందరూ చూడాలి, అది రాకపోతే 'నేను' లేనట్టే అనిపిస్తుంది. ఛందానికి చేరుకునే చోటు ఉంటుంది. తృష్ణకు ఉండదు.

దీన్ని ఆనందుడు ఒక బ్రాహ్మణుడికి చక్కగా విప్పి చెప్పాడు. కోశాంబిలోని ఘోషితారామానికి ఉన్నాభుడనే బ్రాహ్మణుడు వచ్చి అడిగాడు: కోరికను వదలడానికి కోరికతోనే ప్రయత్నం చేస్తారా, ఇది ఎప్పటికీ తెగేదేనా? ఆనందుడు ఎదురు ప్రశ్న వేశాడు. నువ్వు ఈ ఆరామానికి రావాలని కోరుకున్నావు కదా, ఇక్కడికి చేరాక ఆ కోరిక ఏమైంది? చేరగానే చల్లారింది అన్నాడు బ్రాహ్మణుడు. మంచి పూనిక అలాంటిదే అన్నాడు ఆనందుడు. గమ్యానికి నడిపిస్తుంది, చేరాక చల్లారుతుంది. మనిషిని తగలబెట్టదు.

ఆటగాడికి ఇంతకన్నా పదునైన కొలత లేదు. గెలిచాక నీ మనసు చల్లబడిందా, ఇంకా మండుతోందా? 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో మన దేశానికి మొదటి వ్యక్తిగత స్వర్ణం తెచ్చిన అభినవ్ బింద్రా, తన మనసుకు పెద్ద కష్టకాలం ఓడినప్పుడు కాక గెలిచాకే వచ్చిందని తర్వాత పలుసార్లు చెప్పాడు. ఏళ్ల తరబడి ఒకే గురి మీద బతికాక, అది చేతికి అందిన మర్నాడు పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఇష్టం, పిచ్చి

కెనడాలో రాబర్ట్ వాలెరాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు 2003లో మనిషికి ఒక పని మీద ఉండే తపనను రెండు రకాలుగా విడదీశారు. మొదటి రకంలో ఆట నీ బతుకులో ఒక పెద్ద భాగం, కానీ నీ చేతిలో ఉంటుంది. చదువు, ఇల్లు, స్నేహితులు, నిద్ర, వీటితో పాటు అది ఇముడుతుంది. రెండో రకంలో ఆట నిన్ను పట్టుకుంటుంది. ఆడకపోతే ఉండలేవు, ఆడితే సంతోషం లేదు. నీ విలువంతా దాని మీదే వేలాడుతుంది. మన భాషలో ఈ తేడా ముందే ఉంది. ఒకణ్ణి చూసి "వాడికి ఆటంటే ఇష్టం" అంటాం. ఇంకొకణ్ణి చూసి "వాడికి ఆట పిచ్చి" అంటాం.

వాళ్లు చూసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. క్యుబెక్‌లో చలికాలం రోడ్లన్నీ మంచు, గడ్డకట్టిన నీళ్లు. సైకిల్ తొక్కితే జారి పడే ప్రమాదం. అయినా ఆ కాలంలో తొక్కుతూనే ఉన్నవాళ్లను, ఆపి వసంతం దాకా ఆగినవాళ్లను పోల్చారు. ఆపలేనివాళ్లలో రెండో రకం తపన, అంటే పిచ్చి, ఎక్కువగా కనిపించింది. సైకిల్ మీద ప్రేమ ఆగినవాళ్లకూ ఉంది. వాళ్లకు ఆగడం చేతనైంది, అంతే.

"పిచ్చి ఉన్నవాడే చాంపియన్ అవుతాడు కదన్నా" అంటారు కుర్రాళ్లు. ఆ మాటను కొట్టిపారేయక్కర్లేదు. రెండు రకాల తపనా మనిషి చేత గంటల కొద్దీ సాధన చేయిస్తుంది. సాధన ఉన్నచోట ఆట మెరుగవుతుంది. తేడా ఖర్చులో తెలుస్తుంది. మొదటివాడు మోకాలు నొప్పి పుడితే ఆగుతాడు, పది రోజుల్లో మళ్లీ వస్తాడు. రెండోవాడు నొప్పి మీదే పరుగెత్తుతాడు, చివరికి ఏడాది మంచాన పడతాడు. మొదటివాడు ఓడితే బాధపడతాడు. రెండోవాడు ఓడితే కూలిపోతాడు. డబ్బున్న ఇంట్లో కూలితే లేపడానికి డాక్టరుంటాడు, రెండో అవకాశం ఉంటుంది. మన ఇళ్లలో ఆ ఖర్చు భరించేదెవరు? అందుకే పిచ్చి ఎవరికైనా నష్టమే, మనకైతే ఇంకా ఎక్కువ నష్టం.

వీణ తీగ, కాలి చెప్పు

సోణుడి కథ మీలో చాలామంది విని ఉంటారు. చంపా నగరంలో ధనవంతుల ఇంట పుట్టిన సోణ కోళివీసుడు భిక్షువయ్యాడు. సుకుమారమైన పాదాలు. నడుస్తూ ధ్యానం చేయడంలో ఎంత పట్టుదల పట్టాడంటే, పాదాలు పగిలి ఆ బాట అంతా నెత్తురైంది. అయినా ఫలితం కనిపించలేదు. ఇంటికి పోయి ఉన్న ఆస్తితో దానధర్మాలు చేసుకుంటే మేలేమో అనుకున్నాడు. అతిగా శ్రమించినవాడి మనసు చివరికి చేరేది ఇక్కడికే: మొత్తం వదిలేద్దాం అనే చోటికి. బుద్ధుడు వచ్చి, ఇంట్లో ఉన్నప్పుడు వీణ వాయించేవాడివి కదా అని అడిగాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా, మరీ వదులైతే పలుకుతుందా? ప్రయత్నమూ అంతే, సమంగా శ్రుతి చేసుకో అన్నాడు.

ఈ కథలో మనం ఇక్కడితో ఆగిపోతాం. వినయ పిటకం ఇంకొంచెం ముందుకు పోతుంది. తర్వాత బుద్ధుడు సోణుడితో, నీ పాదాలు సుకుమారమైనవి, ఒక్క అట్ట చెప్పులు తొడుక్కో అన్నాడు. సోణుడు ఒప్పుకోలేదు. నాకొక్కడికే వద్దు, సంఘం మొత్తానికి అనుమతిస్తే నేనూ తొడుగుతాను అన్నాడు. అప్పుడు బుద్ధుడు భిక్షువులందరికీ చెప్పులు అనుమతించాడు.

చెప్పులేసుకుని ఊళ్లోకి నడవనివ్వని రోజులు చూసిన తాతల మనవళ్లం మనం. మనకు ఈ భాగం వేరేగా వినపడాలి. పాదం పగిలి నెత్తురు కారుతున్నవాడికి "మనసు శ్రుతి చేసుకో" అని చెప్పి బుద్ధుడు పోలేదు. చెప్పులు కూడా చూశాడు. అది కూడా ఒక్కడికే కాదు, అందరికీ. కాబట్టి మన పిల్లవాడికి మనసు నిలుపుకోమని చెప్పే హక్కు మనకుండాలంటే, వాడి కాళ్లకు బూట్లు, కడుపుకు గుడ్డు, పరుగుకు గ్రౌండు ఉన్నాయో లేదో చూసే బాధ్యత కూడా మనదే.

బాబాసాహెబ్ రాత్రింబవళ్లు చదివారని మనం గర్వంగా చెబుతాం, నిజమే. ఆ శ్రమకు ఆయన ఒళ్లు ఎంత మూల్యం చెల్లించిందో కూడా చెప్పాలి. అంత పనిలోనూ ఆయన పెద్ద వయసులో వయొలిన్ నేర్చుకున్నారన్న సంగతి మాత్రం మన పిల్లలకు చెప్పం. చెప్పాలి.

గురి ఎలా పెట్టుకోవాలి?

గురి లేకుండా ఇష్టం ఒక్కటే ఉంటే అది సాయంత్రపు కాలక్షేపంగా మిగులుతుంది. ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే పరిశోధకులు దశాబ్దాల పాటు ఈ విషయం మీద పనిచేశారు. "నీ శాయశక్తులా చెయ్" అని వదిలేసేదాని కన్నా, స్పష్టంగా, కాస్త కష్టంగా, అయినా అందేలా పెట్టిన గురి మనిషి చేత మెరుగ్గా పని చేయిస్తుందని వాళ్లు తేల్చారు. అయితే పని కొత్తదైనప్పుడు ఫలితం మీద గురి పెడితే అది ఎదురు తిరుగుతుందనీ, ముందు నేర్చుకోవడం మీద గురి పెట్టాలనీ కూడా చెప్పారు.

గురి మూడు రకాలుగా ఉంటుంది. "మొదటి స్థానం నాది కావాలి" అనేది ఫలితం మీద గురి. "నా పాత టైం తగ్గించాలి" అనేది నా ఆట మీద గురి. "నాలుగు రౌండ్లూ ఒకే వేగంతో తిరగాలి, మొదటి రౌండులోనే ఉరికి నాలుగో రౌండులో కూలబడకూడదు" అనేది చేసే పని మీద గురి. మూడూ ఉండొచ్చు. కానీ పొద్దున గ్రౌండులో అడుగుపెట్టేటప్పుడు తలలో ఉండాల్సింది మూడోది. ఎందుకంటే అది ఒక్కటే పూర్తిగా నీ చేతిలో ఉంది.

దీప్తి జీవన్‌జీని చూడండి. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి. పుట్టుకతో బుద్ధి ఎదుగుదలలో ఇబ్బంది ఉన్నందుకు ఊళ్లో హేళనలు పడింది. 2024 మే నెలలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. నాలుగు నెలలైనా తిరక్కుండానే పారిస్ పారాలింపిక్స్. అక్కడ హీట్స్‌లోనే టర్కీ అమ్మాయి ఆ రికార్డును దాటేసింది. ఫైనల్లో దీప్తి 55.82 సెకన్లతో కంచు పతకం తెచ్చుకుంది. "స్వర్ణం లేకుంటే సున్నా" అనేవాడి లెక్కలో ఇది ఓటమి. నిజానికి జరిగిందేమిటి? పక్క లేన్‌లో పరుగెత్తేవాళ్ల కాళ్లు మన అధీనంలో ఉండవు. మన ఒళ్లు కూడా మేలో ఉన్నట్టు సెప్టెంబర్‌లో ఉండదు. అనిత్యం అంటే ఇదే. ఇది తెలిసినవాళ్లకు ఆ కంచు పతకం విలువ తెలుస్తుంది.

ఇంకో ఉదాహరణ మన సంక్షేమ గురుకులాలది. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడా పిల్ల, అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. ఆనంద్ ఖమ్మం జిల్లా దళిత కుటుంబం బిడ్డ. తమతో బాబాసాహెబ్ చిత్రాన్ని కూడా తీసుకెళ్లారు. వాళ్లు ఒక్కసారిగా ఎవరెస్ట్ మీద గురి పెట్టుకుని బయల్దేరలేదు. మొదట భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని ఎక్కడం, దిగడం. అందులో నిలిచినవాళ్లకు డార్జిలింగ్‌లో శిక్షణ. ఆ తర్వాత లడఖ్ చలి. ఆ తర్వాతే శిఖరం. పెద్ద గురిని చిన్న గురులుగా కోసి, ఒక్కొక్కటీ పూర్తయ్యాక తర్వాతది పెట్టారు. వెనక గురుకులం ఉంది, శిక్షకులు ఉన్నారు, అన్నం ఉంది, బూట్లు ఉన్నాయి. ఇష్టం పిల్లలది, మెట్లు కట్టింది వ్యవస్థ.

పతకం మనిషితనానికి రుజువు కాదు

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మనవాళ్లను పరుగెత్తించే మూడోది ఉంది చూడండి, "చూపించాలి" అనే కసి, దాని సంగతి.

ఆ కసికి కారణం ఉంది. ఇదే కావలిలో బ్రిటిష్ కాలంలో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకల కుటుంబాలను సెటిల్మెంట్‌లో పెట్టారు. అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ దాన్ని నడిపింది. ఆ చట్టం కింద హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా హద్దు దాటకూడదు. పుట్టుకనే నేరంగా రాసిన ఆ చట్టం స్వాతంత్ర్యం వచ్చాక 1952లోగానీ పోలేదు. నచ్చిన చోటికి కాలు కదపడమే నేరమైన నేల మీద, ఈరోజు ఆ బిడ్డలు పొద్దున్నే స్వేచ్ఛగా పరుగెత్తుతున్నారంటే అది చిన్న విషయం కాదు. అలాంటి చరిత్ర ఉన్నవాడికి గెలిచి చూపించాలనిపించడం సహజం. దాన్ని తిట్టకండి.

కానీ ఆ కసి చేతికి పగ్గాలు ఇస్తే ఏమవుతుందో చూడాలి. పల్వంకర్ బాలూ చమార్ కులంలో పుట్టిన ఎడమచేతి స్పిన్నర్. పుణెలో ఆటలో బంతి అందరూ ముట్టుకునేవాళ్లు. విరామంలో మాత్రం ఆయనకు పెవిలియన్ బయట, వేరే మట్టి పిడతలో టీ పోసేవాళ్లు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. యువకుడైన బాబాసాహెబ్‌కు ఆయనంటే ఎంతో అభిమానం. అంత ఆడినా బాలూను హిందూ జట్టుకు కెప్టెన్ చేయలేదు. చాలా పోరాటం తర్వాత 1923లో ఆయన తమ్ముడు విఠల్‌కు ఆ పదవి దక్కింది.

వందేళ్లు గడిచాయి. 2021 జూలై 31న టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్ హాకీలో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆగస్టు 4న సెమీఫైనల్లో మన జట్టు అర్జెంటీనా చేతిలో ఓడింది. ఆ రోజే హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు కొందరు టపాసులు పేల్చి, కులం పేరుతో తిట్టారు. హ్యాట్రిక్ కొట్టి అప్పటికి నాలుగు రోజులే.

దీని నుంచి మనం ఏం నేర్చుకోవాలి? పతకంతో కులం పోదు. ఎందుకంటే కులం ఉన్నది మన కాళ్లలో కాదు, చూసేవాడి బుర్రలో. మన మనిషితనాన్ని నిరూపించుకోవడానికి ఆడుతున్నామంటే, తీర్పు చెప్పే కుర్చీలో ఆ బుర్రనే కూర్చోబెట్టామని అర్థం. గెలిస్తే నాలుగు రోజులు ఒప్పుకుంటాడు, ఓడితే అదే రోజు తిరగబడతాడు. మన గౌరవం నిరూపించుకోవాల్సిన వస్తువు కాదు. అది పుట్టుకతో ఉన్నదే. నాగపూర్‌లో మనం దీక్ష తీసుకున్నది కూడా దాన్ని ఎవరి దగ్గరా అడుక్కోనక్కర్లేదని చెప్పడానికే.

వందన ఏం చేసింది? రెండు రోజుల తర్వాత కంచు పతకం మ్యాచ్‌లో గ్రేట్ బ్రిటన్ మీద మళ్లీ దిగి గోల్ కొట్టింది. జట్టు 3-4తో ఓడింది, పతకం రాలేదు. ఆమె మనసులో ఏముందో నేను చెప్పలేను. కానీ మనకు కనిపించింది ఏమిటంటే, బయట ఎవరు ఏమన్నా, చేతిలో ఉన్న పనిని పని లాగా చేయడం. ఛందం అంటే ఇట్లా ఉంటుంది.

పేదవాడికి ఇష్టం ఎక్కడిది అంటారా?

ఇక్కడ మీలో కొందరు అడ్డుపడతారు. "మాకు ఇష్టమూ పిచ్చీ ఏంది? ఉద్యోగం వస్తే చాలు" అంటారు. న్యాయమైన మాట. స్పోర్ట్స్ కోటాలో సీటు కోసం, పోలీసు ఉద్యోగం కోసం పరుగెత్తేవాణ్ణి ఎవరూ తప్పు పట్టకూడదు. సమ్యక్ జీవనం కూడా అష్టాంగ మార్గంలో ఒక అంగమే. ప్రమాదం ఎక్కడుందంటే, ఒకే తలుపు మీద ఇల్లంతా ఆధారపడినప్పుడు. వేలమంది పరుగెత్తే చోట ఉద్యోగాలు వందల్లోనే ఉంటాయి. ఆ తలుపు తెరుచుకోకపోతే పిల్లవాడు ఇంట్లోవాళ్ల మొహం చూడలేక కుమిలిపోతాడు. కాబట్టి రెండో తలుపు మొదటి రోజు నుంచే ఉండాలి. చదువు ఆపించకండి. "నిన్ను నమ్ముకునే ఉన్నాం" అనే మాట ప్రేమతోనే అంటాం. కానీ పద్దెనిమిదేళ్లవాడి భుజాల మీద ఆ మాట బరువు ఎంతో ఒకసారి ఆలోచించండి.

నాలుగు ప్రయత్నాలు

సమ్యక్ వ్యాయామంలో బుద్ధుడు నాలుగు ప్రయత్నాలు చెప్పాడు. ఆటగాడికి అవి ఇట్లా వర్తిస్తాయి.

1. ఇంకా రాని చెడును రానివ్వకపోవడం. తొందరగా కండ పట్టాలని ఎవరో ఇచ్చే సూదులు, తెలియని పొడులు ముట్టుకోవద్దు. పంచశీలలో ఐదోది ఇక్కడ కూడా పనిచేస్తుంది. ఒళ్లు వేడెక్కకుండా పరుగు మొదలుపెట్టొద్దు.

2. వచ్చిన చెడును వదిలించుకోవడం. నొప్పి వస్తే దాచొద్దు, ఆగు. మనసు చెదిరినా ఆగు. టోక్యోలో ప్రపంచంలోనే గొప్ప జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్, గాలిలో తన ఒళ్లు ఎటు తిరుగుతోందో తెలియని స్థితి రాగానే టీం ఫైనల్ మధ్యలో తప్పుకుంది. పిరికిదన్నారు. 2024 పారిస్‌లో తిరిగి వచ్చి మూడు స్వర్ణాలు గెలిచింది.

3. ఇంకా లేని మంచిని తెచ్చుకోవడం. ప్రతి వారం ఒక కొత్త మెళకువ నేర్చుకో. ఓడించినవాడి దగ్గరే అడిగి నేర్చుకో.

4. ఉన్న మంచిని నిలుపుకోవడం. నిద్ర, తిండి, చదువు, స్నేహం, నవ్వు. ఇవి ఆటకు అడ్డం అనుకుంటారు. ఆటను నిలబెట్టేవి ఇవే.

నెలకొకసారి ఆటగాడు తనను తాను అడుగుకోవాల్సిన ప్రశ్నలు ఐదున్నాయి. ఈ గురి నేను పెట్టుకున్నదా, ఎవరైనా నా మీద పెట్టిందా? నొప్పి వస్తే ఆగగలనా? ఆడని రోజు ప్రశాంతంగా ఉండగలనా? తోటివాడు బాగా ఆడితే సంతోషించగలనా? దాన్నే మనం ముదిత అంటాం. చివరిది, ఓడిన రోజు ఇంటికొచ్చి అందరితో కూర్చుని అన్నం తినగలనా? వీటిలో మూడింటికి 'లేను' అని జవాబు వస్తే తీగ ఎక్కువ బిగిసిందని అర్థం. కొంచెం వదులు చేయాలి, తెంచక్కర్లేదు.

మనం చేయాల్సింది కూడా ఉంది. ఏప్రిల్ 14 టోర్నమెంటులో గెలిచిన జట్టుకు షీల్డు ఇస్తాం, మంచిదే. దాంతో పాటు ఆడిన ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఏదో ఒకటి అందేలా చూద్దాం. షీల్డు సైజు తగ్గించి బూట్లు కొనిద్దాం. సోణుడు అడిగింది అదే కదా. ఆడపిల్లలకు గ్రౌండులో ఒక పూట కేటాయించమని అడుగుదాం. దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్లడానికి సంఘంలో ఒకరు బాధ్యత తీసుకోవాలి. ఓడి వచ్చినవాడి ఇంటికి ఆ సాయంత్రం ఇద్దరు పోయి కూర్చోవాలి. గెలిచినప్పుడు ఎలాగూ అందరూ వస్తారు.

ఇక ఆ తల్లిదండ్రులు అడిగినదానికి జవాబు. అమ్మా, అయ్యా, మీ పిల్లవాణ్ణి మానుకోమని చెప్పకండి. పరుగెత్తనివ్వండి. పెద్ద గురి పెట్టుకోనివ్వండి, దాన్ని చిన్న మెట్లుగా కోసుకోవడం నేర్పండి. వాడు గ్రౌండు నుంచి వచ్చినప్పుడు "గెలిచావా?" అని ముందు అడక్కండి. "ఈ రోజు ఏం నేర్చుకున్నావు, కాళ్లు ఎట్లా ఉన్నాయి?" అని అడగండి. వాడు ఏ పతకం తెచ్చినా తేకపోయినా మీ ఇంట్లో, మన సంఘంలో వాడి చోటు మారదని వాడికి తెలిసేలా చేయండి. అది తెలిసిన పిల్లవాడే భయం లేకుండా పరుగెత్తగలడు.

జైభీమ్. నమో బుద్ధాయ.